99 సిటీ: ఎండలో రెండు గంటలు నిలబెడితే స్టార్ట్ కాదు, సాయంత్రానికి మామూలే

ఏనుమాముల_సిటీ (హన్మకొండ) – మే 6, రాత్రి 9:40

అందరికీ నమస్తే. బండి 1999 హోండా సిటీ 1.5 ఈఎక్స్‌ఐ. ఏపీ 36 నంబరు, తెల్లది, తిరిగింది 1,62,000 కిలోమీటర్లు. మా బాపు కొన్నది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి (కమీషన్ దుకాణం) నడిపేవాడు. ఆ ఏడు మిర్చికి మంచి ధర పలికిందని, అంబాసిడర్ అమ్మేసి దీన్ని తెచ్చాడు. బాపు పోయి ఆరేళ్లయింది. అడ్తి నేను చూసుకుంటున్నా, బండీ నేనే చూసుకుంటున్నా. రెండింటిలో బండే ఎక్కువ సతాయిస్తోంది.

సమస్య ఏంటంటే, పొద్దున ఏడింటికి సగం సెల్ఫ్‌కే అందుకుంటుంది. మార్కెట్ యార్డుకు వెళ్లి పదకొండింటికి ఎండలో, అద్దాలన్నీ మూసి నిలబెడతాను. ఒంటిగంటకు వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. పావుగంట కొట్టినా అంతే. ఆటోలో ఇంటికి పోయి సాయంత్రం ఆరింటికి వచ్చి చూస్తే, ఏమీ ఎరగనట్టు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్! జనవరి, ఫిబ్రవరిలో ఈ బాధ లేదు. మార్చి చివర్లో మొదలైంది, ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఇదే కథ.

ఒకరోజు నలుగురు హమాలీలు కలిసి తోశారు. సెకండ్ గేర్లో వేసి క్లచ్ వదిలినా ఉలుకూ పలుకూ లేదు. "సావుకారీ, మిర్చి బస్తా మోస్తే కూలొస్తది, దీన్ని నూకితే ఏమొస్తది?" అన్నాడు అందులో పెద్దాయన. చాయ్ తాగించాను.

ఇక్కడి ఒక షెడ్డులో చూపించాను, పేరెందుకులెండి. మొదట బ్యాటరీ అన్నారు, మార్చారు. తర్వాత ప్లగ్గులు. ఆ తర్వాత ట్యాంకులో ఉండే పెట్రోల్ మోటారు. అన్నీ కలిపి రూ. 9,400 అయింది. అసలు తమాషా ఏంటంటే, బండి వాళ్ల షెడ్డుకు చేరేది సాయంత్రమే, ఎందుకంటే మధ్యాహ్నం అది కదలదు కదా. వాళ్ల దగ్గర అది ఎప్పుడూ మంచిపిల్లే. "చూశారా సార్, ఓకే అయింది" అని తాళం చేతిలో పెడతారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ నేను, ఎండ, బండి.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లే అని ఒకాయన అన్నాడు. పెట్రోల్ మోటారుకు డైరెక్ట్‌గా ఒక స్విచ్ పెట్టేద్దాం అని ఇంకో ఆయన అన్నాడు. ఏదీ మనసుకు పట్టలేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? బండి అమ్మే ఉద్దేశం లేదు, ఆ సలహా మాత్రం వద్దు.

—

కరీంనగర్_జెన్ – మే 6, రాత్రి 10:15

అన్నా, ఇది వేపర్ లాకే. నాకు 1996 జెన్ ఉంది, కార్బురేటర్ది. నాలుగేళ్ల కింద మేలో హుజూరాబాద్ దాటాక ఇట్లనే ఆగింది. పైపులో పెట్రోల్ వేడికి ఆవిరైపోయి పంపు లాగలేకపోతది. ఇంజిన్ మీదున్న పెట్రోల్ పంపుకు తడిగుడ్డ చుట్టి, పది నిమిషాలు బానెట్ తెరిచి పెట్టిన, స్టార్ట్ అయింది. అప్పట్నుంచి ఎండాకాలం డిక్కీలో ఒక పాత తువ్వాల, రెండు లీటర్ల నీళ్లు పెట్టుకునే బయల్దేరుతా. నువ్వూ ఒకసారి తడిగుడ్డ వేసి చూడు.

—

గోదావరిఖని_క్వాలిస్ – మే 7, ఉదయం 5:50

జెన్ తమ్ముడూ, నీ బండికి అది నిజమే, ఈ బండికి కాదు. కార్బురేటర్ జెన్‌కు పంపు ఇంజిన్‌కే అంటుకుని ఉంటుంది, ముందుకు లాగుతుంది. లాగే పైపులో ఒత్తిడి తక్కువ కాబట్టి పెట్రోల్ తొందరగా ఆవిరవుతుంది. సిటీకి పంపు ట్యాంకు లోపల ఉండి వెనక నుంచి గట్టి ఒత్తిడితో నెడుతుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. తడిగుడ్డ వేయడానికి అక్కడ ఇంజిన్ మీద పంపే లేదు.

నేను సింగరేణిలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు నడిపేది 2002 క్వాలిస్. డీజిల్ బండి కాబట్టి ఈ గొడవ దానికి లేదు. కానీ మా అల్లుడికి మీలాంటి సిటీయే ఉండేది, 2001ది. మూడు ఎండాకాలాలు ఏడిపించింది.

ఏనుమాముల సార్, మీరు ఏమీ విప్పకండి, ఏమీ కొనకండి. ఈరోజు మధ్యాహ్నం బండి మొరాయించినప్పుడు ఒకే ఒక పని చేయండి. ఏసీ, పాటలు అన్నీ బంద్ చేయండి. మీ వాళ్లను ఒకరిని వెనక సీట్లో కూర్చోబెట్టండి. తాళం ఆన్ వరకే తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. రెండు సంగతులు చూడాలి. ఒకటి, మీటర్లో చెక్ ఇంజిన్ లైటు వెలిగి రెండు సెకన్లలో ఆరిపోతోందా? రెండు, అదే రెండు సెకన్లు వెనక సీటు కింద జ్‌జ్‌జ్ అని సన్నని చప్పుడు వస్తోందా? ఇదే పరీక్ష ఈరోజు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా చేయండి, అప్పుడు తేడా తెలుస్తుంది. రెండు ఫలితాలూ రాయండి. అప్పుడు మాట్లాడుకుందాం.

—

జాబిల్_22 – మే 7, ఉదయం 11:02

26 ఏళ్ల బండికి ఇంత పరేషాన్ ఎందుకు బ్రో, స్క్రాప్‌కి ఇచ్చి ఈఎమ్‌ఐలో కొత్త ఎస్‌యూవీ తీస్కో.

—

ఏనుమాముల_సిటీ – మే 7, రాత్రి 8:30

జాబిల్ తమ్ముడూ, మొదటి పోస్టు చివరి వాక్యం ఇంకోసారి చదువు.

క్వాలిస్ పెద్దాయనకు దండం. మీరు చెప్పినట్టే చేశాను. పొద్దున ఆరున్నరకు మా అబ్బాయిని వెనక కూర్చోబెట్టి తాళం తిప్పితే లైటు వెలిగి రెండు సెకన్లకు ఆరింది. "నాన్నా, కింద తేనెటీగ ఉంది" అన్నాడు వాడు. ఇన్నేళ్లు నడుపుతున్నా ఆ చప్పుడు నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు యార్డులో మళ్లీ మొరాయించింది. మా గుమాస్తాను కూర్చోబెట్టి తాళం తిప్పాను. లైటు అలాగే వెలిగి ఆరింది. కానీ చప్పుడు లేదు. మూడుసార్లు చూశాం. తేనెటీగ మాయం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు మాత్రం కొంచెం అదురుతోంది, అది కూడా చెబుతున్నా, పనికొస్తుందేమో.

పెట్రోల్ మోటారు కొత్తదే కదా, మరి అదెలా పోతుంది?

—

గోదావరిఖని_క్వాలిస్ – మే 8, ఉదయం 5:35

మోటారు పోలేదు. దానికి కరెంటే అందడం లేదు. పాత మోటారు కూడా బాగానే ఉండి ఉంటుంది, షెడ్డు వాళ్లు ఇంకా పారేయకపోతే అడిగి తెచ్చుకోండి. ముల్లు అదిరిందని చెప్పడం మంచిదైంది, దాని సంగతి చివర్లో చెబుతా.

ఆ రోజుల హోండాల్లో మెయిన్ రిలే అని ఒకటి ఉంటుంది, రిలే అంటే కరెంటును కలిపి తెంచే స్విచ్ లాంటిది. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద ప్లాస్టిక్ డబ్బా, డ్యాష్‌బోర్డు లోపలి వైపు ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. పేరుకు ఒక రిలే, లోపల ఉండేవి రెండు. ఒకటి ఇంజిన్ కంప్యూటరుకు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు కరెంటిస్తుంది. రెండోది పెట్రోల్ మోటారుకు ఇస్తుంది. తాళం ఆన్ చేయగానే కంప్యూటరు ఆ రెండో రిలేను రెండు సెకన్లు లేపుతుంది, పైపులో ఒత్తిడి నింపడానికి. మీ అబ్బాయి విన్న తేనెటీగ అదే. తర్వాత ఇంజిన్ తిరుగుతున్నంతసేపే దాన్ని లేపి ఉంచుతుంది.

మీకు లైటు సరిగ్గానే వెలిగి ఆరుతోంది. అంటే కంప్యూటరుకు కరెంటు వస్తోంది, మొదటి సగం బాగుంది. చప్పుడు లేదంటే రెండో సగం దగ్గర తెగుతోంది. లైటు అసలు వెలగకపోతే మొదటి సగాన్ని అనుమానించేవాణ్ని.

ఎండలోనే ఎందుకు? రిలే లోపల ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. దానికి లావుపాటి కాళ్లు, వాటి మొదట్లో సోల్డరింగ్. కరెంటు పారినప్పుడల్లా కాలు వేడెక్కి సాగుతుంది, చల్లబడి ముడుచుకుంటుంది. ఇరవై ఏళ్లు అలా సాగి ముడుచుకుంటే సోల్డరులో, కాలి వేలికి మట్టె పెట్టినట్టు గుండ్రని సన్నని పగులు వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ పగులు కలిసే ఉంటుంది, కరెంటు పోతుంది. అద్దాలు మూసి మే నెల ఎండలో పెడితే డ్యాష్‌బోర్డు లోపల పొయ్యిలా ఉంటుంది. అప్పుడు పగులు విచ్చుకుంటుంది. సాయంత్రం మళ్లీ కలుస్తుంది. బొగ్గు బావిలో కేబుల్ జాయింట్లలో ఇలాంటివి ఎన్ని చూశానో. పగలంతా షిఫ్టు ఆపుతాయి, మనం మీటరు పట్టుకుని వెళ్లేసరికి అన్నీ బాగుంటాయి.

నిర్ధారించుకోవాలంటే, మళ్లీ మొరాయించినప్పుడు నాలుగు తలుపులూ తెరిచి పది నిమిషాలు గాలి ఆడనివ్వండి, లేదా ఆ డబ్బా మీద స్క్రూడ్రైవరు పిడితో నాలుగు దెబ్బలు వేయండి. తేనెటీగ తిరిగొస్తే దొంగ దొరికినట్టే.

రిపేరుకు ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. రిలే విప్పి, ప్లాస్టిక్ మూత మెల్లగా ఎత్తి, లావు కాళ్ల దగ్గరి పాత సోల్డరు పూర్తిగా తీసేసి కొత్తది వేయించండి. పాతదాని మీదే కొత్తది పూస్తే వచ్చే మే నెలకు మళ్లీ ఇక్కడికే వస్తారు. 25 వాట్ల బుల్లి ఐరన్ ఆ లావు కాళ్లను వేడి చేయలేదు, కనీసం 60 వాట్లది కావాలి.

ఆ డైరెక్ట్ స్విచ్ పెట్టిస్తానన్న ఆయన మాట మాత్రం వినకండి. ఇంజిన్ ఆగితే మోటారు ఆపడం కంప్యూటరు పని. డైరెక్ట్ స్విచ్ పెడితే, దేవుడు చల్లగా చూడాలి గానీ, యాక్సిడెంట్ అయి పైపు తెగినా మోటారు పెట్రోల్ కక్కుతూనే ఉంటుంది. యార్డు నుంచి ఇంటికి చేరడానికి ఒక్కసారి వేరు, పర్మనెంట్‌గా వద్దే వద్దు.

ముల్లు సంగతి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ముల్లు అదిరితే ఇగ్నిషన్ సిగ్నల్ వస్తోందని ఒక ఆనవాలు. ఈ ఇంజిన్‌కు నిప్పురవ్వ పుట్టించే కాయిల్, ఇగ్నైటర్ రెండూ డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉంటాయి, అవి కూడా వేడికి మొరాయించే రకమే. కానీ అవి పోతే తేనెటీగ చప్పుడు వస్తూనే ఉంటుంది, నిప్పురవ్వ రాదు. ఎప్పుడైనా పోతూ పోతూ ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడి ఇంజిన్ ఆగితే అప్పుడు అటు చూడండి. ఇప్పటికైతే రిలేనే.

—

నర్సంపేట_ఎస్టీమ్ – మే 8, మధ్యాహ్నం 1:20

పెద్దాయన రాసిన తర్వాత రిలే గురించి చెప్పడానికేమీ లేదు. నేను టీచర్ని, నాది 2003 ఎస్టీమ్, స్కూలుకు రోజూ అదే. పక్క సంగతులు రెండు మూడు చెబుతాను.

పెట్రోల్‌లో ఇథనాల్ మీ ఈ సమస్యకు కారణం కాదు. అలాగని దాన్ని పూర్తిగా వదిలేయకండి. మన బండ్లు కట్టినప్పుడు ఇరవై శాతం ఇథనాల్ ఎవరి లెక్కలోనూ లేదు. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి పగుళ్లిస్తాయి. పోయిన ఏడాది నా బండిలో పొద్దున స్టార్ట్ చేయగానే పెట్రోల్ వాసన వచ్చేది. చూస్తే ఫిల్టర్ దగ్గర రబ్బరు పైపు చెమట పట్టినట్టు తడిగా ఉంది. ఇంజెక్షన్ బండికి తగ్గ ఎక్కువ ఒత్తిడి పైపు వేయించాను. మామూలు పైపు వేస్తానంటే ఒప్పుకోకండి సార్. మీ పెట్రోల్ మోటారు మార్చినప్పుడు ట్యాంకు పైన సీలు కొత్తది వేశారో లేదో కూడా అడగండి.

ఇంకోటి, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు? సిటీ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. అప్పుడు రిలే ఖర్చు చిల్లరలా కనిపిస్తుంది. కిలోమీటర్లు తక్కువే కదా అనుకోవద్దు, రబ్బరుకు వయసే ముఖ్యం. గుర్తు లేదంటే మార్చాల్సి ఉన్నట్టే. వాటర్ పంపును కూడా ఆ బెల్టే తిప్పుతుంది కాబట్టి ఒకేసారి చేయించుకోండి, కూలి ఒక్కసారే పడుతుంది.

సామాను వరంగల్‌లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్, లేదంటే పుత్లీబౌలి వైపు తిరగాల్సిందే. పాత ముక్కను జేబులో వేసుకుని వెళ్లండి. ఫోన్లో "ఉంది సార్, రండి" అన్నవాళ్లు అక్కడికి వెళ్లాక వేరే మోడల్‌ది తీసి చూపిస్తారు, నాకు రెండుసార్లు అయింది.

మీ ఆర్‌సీ రెన్యువల్ తేదీ కూడా చూసుకున్నారా? పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి కదా. 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది. నేను 2023లో కట్టాను, కట్టేటప్పుడు మా ఆయన మొహం చూడాల్సింది.

—

కరీంనగర్_జెన్ – మే 8, మధ్యాహ్నం 2:05

తప్పు ఒప్పుకుంటున్నా. తువ్వాల నా దగ్గరే పెట్టుకుంటా.

—

ఏనుమాముల_సిటీ – మే 18, రాత్రి 9:15

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, ఇంట్లో ఒక పెళ్లి, మధ్యలో యార్డు పని.

9వ తేదీ మధ్యాహ్నం మొరాయించింది. ఈసారి టెన్షన్ లేదు, పైగా ఎదురుచూశాను, నిజం. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి స్క్రూడ్రైవరు పిడితో డబ్బా మీద నాలుగు కొట్టాను. మూడో దెబ్బకే వెనక జ్‌జ్‌జ్. గుమాస్తా "వచ్చింది సేఠ్!" అని అరిస్తే పక్క అడ్తి వాళ్లు ఏదో లాటరీ తగిలిందని తొంగి చూశారు.

రిలే విప్పి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలని ఆలోచించాను. షెడ్డుకు మళ్లీ పోబుద్ధి కాలేదు. మా వీధిలో ఒకాయన పాత పెట్టె టీవీలు బాగుచేసేవాడు, ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు చూస్తున్నాడు. ఆయన ముందు పెట్టి "ఇది కారుది" అన్నాను. "కార్లవి నాకు తెల్వదు" అంటూనే మూత ఎత్తాడు. భూతద్దం పెట్టి చూసి నవ్వాడు. "ఇది కారుదైతేంది, టీవీదైతేంది! డ్రై సోల్డర్. ఈహెచ్‌టీ (టీవీలో హైవోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్) కాళ్ల దగ్గర గిట్లనే వస్తుండె. బొమ్మ గుంజుకుపోయిందని తెచ్చేటోళ్లు, మెల్లగ ఒక దెబ్బ కొడితే వస్తుండె." నాకూ చూపించాడు. మూడు కాళ్ల చుట్టూ గుండ్రటి నల్ల గీత, పెద్దాయన చెప్పినట్టే మట్టెలా. పాత సోల్డరంతా పీల్చేసి, కొత్తది నింపాడు. ఆయనకు అలవాటైన పని దొరికిందన్న సంతోషం మొహంలో కనిపించింది. యాభై రూపాయలు అడిగాడు, రెండొందలు ఇస్తే వద్దన్నాడు, చివరికి వంద తీసుకున్నాడు.

9,400 ఎక్కడ, వంద ఎక్కడ! షెడ్డుకు వెళ్లి పాత మోటారు అడిగాను. మొదట లేదన్నారు, నేను అక్కడే కూర్చుంటే దొరికింది. బ్యాటరీకి కలిపి చూశాం, చక్కగా తిరుగుతోంది. తుడిచి డబ్బాలో దాచాను.

రిలే బిగించి ఎనిమిది రోజులైంది. రోజూ అదే యార్డు, అదే చోటు, కావాలనే అద్దాలు మూసే పెడుతున్నా. నిన్న సెల్‌ఫోన్ 43 డిగ్రీలు అని చూపించింది. స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలింది, బండి మాత్రం సగం సెల్ఫ్‌కే అందుకుంది.

ఈరోజు ఆదివారం, పిల్లలను తీసుకుని పాలంపేట రామప్పకు వెళ్లొచ్చాం. ములుగు రోడ్డులో గూడెప్పాడ్ దాటాక ట్రాఫిక్ పలుచబడింది. మూడో గేర్లోనే ఆర్‌పీఎం 4,000 దాటనిచ్చాను. ఈ ఇంజిన్ అక్కడి నుంచే పాడటం మొదలుపెడుతుంది, దానికి ముందు ఊరికే గొంతు సవరించుకుంటుంది. 1,493 సీసీయే, కానీ బరువు తక్కువ. పైగా సీట్లు కిందికి ఉంటాయి కాబట్టి రోడ్డు మీద కూర్చుని పోతున్నట్టుంటుంది. మా అబ్బాయి "నాన్నా, పక్కనున్న ఆ పెద్ద బండి ఎక్కడికి పోయింది?" అని వెనక్కి తిరిగి చూశాడు. వాళ్లమ్మ వినలేదు, నిద్రపోతోంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం పాత బాధే. జంగాలపల్లి దాటాక ఒకదానికి పొట్ట రాసుకుంది, ఆ చప్పుడుకు లేచింది.

టీచరమ్మకు: టైమింగ్ బెల్టు గురించి బాపు డైరీలో వెతికాను. 2013లో మార్చినట్టు ఉంది. చదివాక రామప్పకు వెళ్లేముందే చూసి ఉంటే బాగుండేది అనిపించింది. గురువారం బెల్టు, వాటర్ పంపు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ మూడూ మార్పిస్తున్నా. రబ్బరు పైపులు కూడా చూడమన్నాను. ఆర్‌సీ 2029 దాకా ఉంది. డైరీలో ఇంకో సంగతి కూడా కనిపించింది. 2011 మే నెలలో ఒక పేజీలో బాపు చేతిరాత: "మార్కెట్‌లో బండి లేవలేదు. సాయంత్రం లేచింది. చెట్టు కింద పెట్టాలె." ఆయన కాలంలో యార్డు గేటు దగ్గర ఒక వేపచెట్టు ఉండేది.

పెద్దాయనా, మీరు ఎప్పుడైనా వరంగల్ వైపు వస్తే యార్డుకు రండి, చపాట మిర్చి ఒక సంచి మీ కోసం పక్కన పెట్టాను. కారం తక్కువ, రంగు ఎక్కువ, ఆవకాయకు బాగుంటుంది.

ఇక కొత్త ప్రశ్న. డ్రైవర్ వైపు అద్దం ఎక్కేటప్పుడు సగంలో ఆగి, చేత్తో పైకి లాగితే తప్ప పోవడం లేదు. దిగడం బాగానే దిగుతోంది. మోటారా, అద్దం జారే రబ్బరు చానెలా? ఈసారి దేన్నీ మార్చక ముందే అడుగుతున్నా.

—

గోదావరిఖని_క్వాలిస్ – మే 19, ఉదయం 5:40

చానెల్. ముందు గుడ్డతో దుమ్ము తుడిచి, రబ్బరు గాడిలో సిలికాన్ స్ప్రే కొట్టి రెండు రోజులు చూడండి. గ్రీజు పెట్టొద్దు, మీ యార్డు మిర్చి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. మిర్చి సంచికి జూన్‌లో వస్తా.